ఫుల్‌బ్యాక్ చేతి మీద కోటు

కాకులకి డ్రమ్‌కొల్లన్‌లో చోటు లేక కాదు. కావలసినన్ని చెట్లున్నాయి. చర్చి గంటగోపురం ఉంది. కప్పు కూలిపోయిన పాత కోట ఒకటి ఊరి చివర అచ్చంగా కాకుల కోసమే కట్టించినట్టు ఖాళీగా పడి ఉంది. అయినా సరే, మా ఊరి చిన్నకాకి గూడు పెట్టాలనుకుంటే ఏ ఇల్లాలు ముందుగదిని బాగా సర్ది, దుప్పట్లు కప్పి, ఇంట్లోవాళ్లెవరూ అడుగుపెట్టకుండా కాపాడుకుంటోందో వాకబు చేసి, సరిగ్గా ఆ గది పొగగొట్టంలోనే పెడుతుంది. దాని తెలివికి మెచ్చుకోవాలి. ముందుగదిలో నిప్పు వేసేది ఫాదర్ వచ్చినప్పుడు, ఇంట్లో శవం లేచినప్పుడు. అంతకన్నా భద్రమైన చోటు ఏ పక్షికి దొరుకుతుంది? వసంతమంతా పుల్లలు, గొర్రెబొచ్చు, ఎవరో ఆరేసుకున్న మేజోడు మోసుకొచ్చి దిట్టంగా కూరుతుంది. ఆ సంగతి ఇంటివాళ్లకి తెలియదు. పెద్దమనిషెవరో వచ్చి, మర్యాద కోసం ఆ గదిలో నిప్పు వేసినప్పుడు, పెద్దమనిషి దగ్గడం మొదలుపెడతాడు. అప్పుడు తెలుస్తుంది.

పాలకేంద్రం మేనేజరు మాలకీ టూహీ ఇంట్లో ఆ మంగళవారం సాయంత్రం జరిగింది అదే.

కిందటి వారం మాలకీని మనం వంటింట్లో, ఉడికిన గుడ్డు నెత్తిన చెంచాతో కొట్టబోతుండగా వదిలేశాం. అప్పుడే తలుపు చప్పుడైంది. వెనక తలుపు కాదు, వీధి తలుపు. మా ఊళ్లో స్నేహితులు, చుట్టాలు, అప్పు అడిగేవాళ్లు అందరూ వెనక తలుపు తోసుకునే వస్తారు. వీధి తలుపు కొట్టేవాడు ఎప్పుడూ మంచి కబురు పట్టుకురాడు. మాలకీ చెంచా కింద పెట్టేశాడు. ఆ గుడ్డు ఇప్పటికీ అలాగే ఉంది.

వచ్చింది బార్ట్‌లీ స్కాన్లన్ మాస్టారు.

ఈ మాస్టారు మాలకీకి అక్షరాలు దిద్దించినవాడు. బడి నుంచి రిటైరయ్యాక కౌంటీ, అంటే మా జిల్లా, ఫుట్‌బాల్ కమిటీలో ఒక గౌరవప్రదమైన పని చేస్తున్నాడు. ఈ దేశపు సొంత ఆటైన మన ఫుట్‌బాల్ ఆడేవాడు ఇంగ్లీషువాళ్ల ఆటలు ఆడకూడదు, చూడకూడదు, ఆ క్లబ్బులు పెట్టే డాన్సులకి కూడా వెళ్లకూడదు కదా, వెళ్తే జట్టులోంచి తీసేస్తారు. ఎవడు వెళ్లాడో కనిపెట్టి చెప్పడం మాస్టారి పని. కనిపెట్టడానికి ఆయన మాత్రం వెళ్లవచ్చు. ఊళ్లో ఎవరూ ఆ పనిని గూఢచారితనం అనరు. అనాలనుకున్నా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే అందరూ, నోరు రాదు.

మాలకీకి ఎందుకు గుండె జారిందో కొత్తగా చదువుతున్నవాళ్లకి చెప్పాలి. మాలకీ మా కౌంటీ జట్టుకి ఫుల్‌బ్యాక్. గోలు ముందు నిలబడి, పైనుంచి పడే బంతిని, దానితోపాటు వచ్చి పడే మనుషుల్నీ కాచుకోవడం అతని ఉద్యోగం. పధ్నాలుగేళ్లుగా కాచుకుంటున్నాడు. ఇచ్చుకున్నవి: ముందుపళ్లు, ఒక మెడ ఎముక, ఎడమ మోకాలు. పుచ్చుకున్నవి: ఏమీ లేవు. ఫుల్‌బ్యాక్ పేరు పేపర్లో పడిందంటే ఎవడో గోల్ కొట్టేశాడన్నమాట. బాగా ఆడిన రోజున ఆ పేరు ఎక్కడా కనపడదు. మాలకీ భార్య అట్రాక్టా ఆటల పేజీలో భర్త పేరు కోసం చాలాకాలం వెతికి, చివరికి పేరు లేకపోవడమే మంచిదని తెలుసుకుని, వెతకడం మానేసింది. అలాంటిది ఈ ఏడు, ఎవరూ అనుకోకుండా, మా కౌంటీ ఫైనల్‌కొచ్చింది. ఆదివారం ఆట. మాలకీకి వచ్చే ఏడాది ఉండదు. మోకాలు ఆ సంగతి ఇప్పటికే చెప్పేసింది.

ఇక ఈస్టర్ సోమవారం సంగతి. అట్రాక్టా నక్కతోలు కాలరున్న కోటు ఒకటి కొనుక్కుంది. చర్చికి వేసుకెళ్లింది. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని మోకాళ్ల మీద ఉంటారు, కాలరు ఎవరికి కనపడుతుంది? అదే సమయానికి ఆమె తమ్ముడు సిరిల్, బ్యాంకు గుమాస్తా, తాను రగ్బీ ఆడే క్లబ్బు డాన్సుకి రమ్మన్నాడు. రగ్బీ అంటే ఇంగ్లీషువాళ్ల ఆటే. టౌన్లో హోటల్లో, బ్యాంకు మేనేజర్ల భార్యలంతా వస్తారు. రూల్లో పెళ్లాల ప్రస్తావన లేదు. వెళ్లింది. సిరిల్ తాగి బల్ల కిందికి జారిపోవడంతో ఇంటికి ఫోన్ చేసింది. మాలకీ పాల లారీ తీసుకెళ్లాడు. హోటల్ వంటింటి గుమ్మం దగ్గరే ఉండి కబురు పంపుదామనుకున్నాడు. వెయిటరు ఆమె కోటు తెచ్చి అతని చేతిలో పడేసి పోయాడు. భార్య ఎక్కడుందో చూద్దామని మాలకీ హాల్లోకి నాలుగడుగులు వేశాడు. సరిగ్గా అప్పుడే బ్యాండు ఆఖరి డాన్సు ముగించి జాతీయగీతం ఎత్తుకుంది.

ఇంకెవరైనా అయితే తలవంచుకుని వెనక్కి జారుకునేవాళ్లు. మాలకీ నాన్న ఆ పాట పాడినందుకు ఇంగ్లీషువాళ్ల జైల్లో పడుకున్నవాడు. ఆ పాట వినిపిస్తుంటే కదిలే కాళ్లు టూహీల వంశంలో లేవు. హాలు నడిమధ్య, దీపాల కింద, ఆడవాళ్ల కోటు చేతిమీద వేసుకుని, పాట అయ్యేదాకా నిలబడిపోయాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు ముందుగదిలోకి రండి. దగ్గొస్తే ఏమనుకోకండి.

*

జులై నెలే. కానీ ఆ గదిలో ఏడాది పొడుగునా నవంబరే. అందుకని అట్రాక్టా హడావిడిగా పొయ్యిలో, బురదనేలలో తవ్వి ఎండబెట్టిన పీటుగడ్డలు పెట్టి నిప్పు రాజేసింది. పెళ్లికి వచ్చిన పింగాణీ కప్పులు తీసింది. ఎండుద్రాక్ష కేకు కోసింది. మాస్టారు కిటికీ పక్క కుర్చీలో కూచుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, యేసు తిరుహృదయం పటం వైపు, పక్కనే వేలాడుతున్న పాత జట్టు ఫొటో వైపు సమానమైన భక్తితో చూశాడు.

"కూచో మాలకీ."

"పర్లేదు మాస్టారూ."

"నీ ఇల్లేగా ఇది. కూచో."

మాలకీ కుర్చీ అంచున, ఇంటిపని చెయ్యకుండా బడికొచ్చినవాడిలా కూచున్నాడు.

"మోకాలెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండి."

ప్యాంటు కింద మోకాలికి, వాపు తగ్గాలని, ఉడకబెట్టిన క్యాబేజీ ఆకులు కట్టి ఉన్నాయి. గదిలో పొగ వాసన కన్నా ముందు ఆ వాసనే తగులుతోంది. మాస్టారు ముక్కు ఎగబీల్చి, మర్యాద కొద్దీ ఊరుకున్నాడు.

"చూడు నాయనా. ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. నీ చెవిన పడే ఉంటుంది. మన జట్టువాడొకడు ఈస్టర్ సోమవారం ఆ డాన్సులో కనపడ్డాడని."

"విన్నానండి," అన్నాడు మాలకీ. అతని గొంతు అతనికే పక్కింట్లోంచి వినిపించినట్టుంది.

"చూసింది నేనే."

అట్రాక్టా టీ పొయ్యడం ఆపింది.

"మీరే వెళ్లారా మాస్టారూ?" అంది.

"బాధ్యతమ్మా. నాకేం సరదానా? టిక్కెట్టు కొన్నాను. డిన్నర్ సూటు అద్దెకి తెచ్చాను, భుజాల దగ్గర పట్టేసింది. ఇక మొహం సంగతి. నన్నెవరూ గుర్తుపట్టకూడదు కదా? బాగా ఆలోచించి అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను."

మాలకీ తలెత్తాడు. "అద్దాలు తీసేశారా?"

"ఈ కౌంటీలో నన్ను అద్దాల్లేకుండా చూసినవాడు పుట్టలేదు. నమ్ముతావో లేదో, ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నన్ను పలకరించలేదు!"

"మరి మీకు వాళ్లు..."

"ఎందుకు కనపడరు? ఆకారాలన్నీ కనపడ్డాయి."

అట్రాక్టా మాస్టారి వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్లలో ఏదో మెల్లగా వెలిగింది. మాలకీ ఆ వెలుగు చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ వెలుగు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి బద్దలైంది.

"డాన్సు కూడా చేశారా మాస్టారూ?" అంది తియ్యగా.

"చెయ్యకపోతే అనుమానం రాదూ? రెండు వాల్ట్‌జులు చేశాను. అబ్బబ్బ, ఆ రెండో ఆవిడ ఉంది చూశావూ! ఎవరో పాపం, మంచి కుటుంబమే అయ్యుంటుంది. కానీ కాళ్లేమో కాళ్లు కావమ్మా. నేను ఎక్కడ అడుగేస్తే సరిగ్గా దాని కిందకి తెచ్చి పెడుతుంది తన పాదాన్ని. నడుమంటావా, పాలక్యాను పట్టుకుని తిప్పినట్టుంది."

ఆ రెండో ఆవిడ టీపాట్ బల్ల మీద పెట్టింది. ఏప్రిల్ నెలంతా అట్రాక్టా కుడికాలి బొటనవేలికి ఏమైందో ఊళ్లో డాక్టరుకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి మంచి మాటలు ఆమె నాలిక చివర వరస కట్టి నిలబడ్డాయి. ఒక్కటి బయటికొచ్చినా ఆమె అక్కడుందని తేలుతుంది. ఆమె ఉంటే, ఆమె కోటు ఉంటుంది. కోటు ఉంటే, కోటు మోసినవాడు ఉంటాడు.

"కేకు తీసుకోండి," అంది అట్రాక్టా. పధ్నాలుగేళ్లుగా మాలకీ గోలు ముందు ఎందరినో ఆపాడు. ఆమె ఆ మాటల్ని ఆపినంత గట్టిగా ఎవరినీ ఆపలేదు.

మాస్టారు కేకు కొరికాడు. కొద్దిగా దగ్గాడు. పొయ్యిలోంచి పొగ సన్నగా, సిగ్గుపడుతున్నట్టు గదిలోకి పాకుతోంది.

"అసలు సంగతికొస్తాను. చివర్లో మన పాట మొదలైంది. అందరూ లేచారు. వాళ్లూ లేస్తార్లే, అంత చెడ్డవాళ్లు కాదు. కానీ ఎలా నిలబడ్డారు? ఒకడు కుర్చీకి ఆనుకుని, ఒకడు జేబులో చెయ్యి, ఇంకొకడు గ్లాసు ఇంకా పట్టుకునే. నేను కళ్లు చికిలించి చూస్తున్నాను. హాలు మధ్యలో ఒకడు. బీరువా అంత మనిషి. చేతిమీద ఆడవాళ్ల కోటు. ఆ కోటు మెడ దగ్గర ఎర్రగా ఏదో జంతువు. వాడొక్కడు, మాలకీ, వాడొక్కడు నిలబడాల్సినట్టు నిలబడ్డాడు. మడమలు కలిపి, గడ్డం ఎత్తి. నేను బళ్లో నేర్పినట్టు. ఏ బ్యాంకు గుమాస్తా అలా నిలబడతాడు? అప్పుడే తెలిసిపోయింది నాకు, వీడు మనవాడేనని."

మాస్టారి గొంతులో కోపం కన్నా గర్వమే ఎక్కువగా ఉంది. మాలకీకి ఆ గర్వం మీద కూచోవడం ముళ్ల మీద కూచున్నట్టయింది. దాచి లాభం లేదనుకున్నాడు. నాన్న జైల్లో పడుకున్న పాటకి నిలబడినవాణ్ని, ఇప్పుడు పడుకుని తప్పించుకోవడమేంటి అనుకున్నాడు. నోరు తెరిచాడు.

"మాస్టారూ, అది..."

"జార్లత్ మోయిల్స్," అన్నాడు మాస్టారు.

మాలకీ నోరు తెరిచే ఉంది. దానిలోంచి ఊపిరి ఒకటి బయటికి పోయింది. బరువంతా దిగినట్టుంది. ఆ వెంటనే, ఆ బరువు దిగినందుకు ఒళ్లంతా సిగ్గుతో కాలింది.

*

జార్లత్ ఎవరో చెప్పకపోతే మాలకీ బాధ అర్థం కాదు. సందు చివర ముసలితల్లితో ఉంటాడు. పాతికేళ్లు దాటాయి, పెళ్లి కాలేదు, పొద్దున్నే గాడిదబండి మీద పాలు తెచ్చి కేంద్రంలో పోస్తాడు. జట్టులో కుడిమూల డిఫెండరు. ఒడ్డూ పొడుగూ మాలకీ అంతే ఉంటాడు. వెనకనుంచి చూసి పాలకేంద్రం కుక్క కూడా ఒకోసారి పొరపడుతుంది. మాటలు తక్కువ. మైదానంలో అయితే అసలు లేవు. పైనుంచి బంతి దిగుతుంటే మాలకీ దాని కోసం ఎగురుతాడు. ఎగిరినప్పుడు అతని వెనక గోలు ఖాళీ అయిపోతుంది. ఆ ఖాళీలోకి జార్లత్ వచ్చి నిలబడతాడు. పిలవక్కర్లేదు. ఇన్నేళ్లలో వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం మాలకీకి రాలేదు.

"జార్లత్ కాదు మాస్టారూ," అన్నాడు మాలకీ.

"నీకెలా తెలుసు?"

"అతను డాన్సులకి వెళ్లడు. ఆడపిల్ల ఎదురొస్తే కాలవలోకి దిగిపోయే రకం."

"అలాంటివాళ్లే జాగ్రత్తగా చూడాల్సినవాళ్లు. సరే, నేనేమీ అన్యాయం చేసేవాణ్ని కాదు. పొద్దున్నే వెళ్లి వాళ్ల గడ్డిపొలంలోనే నిలబెట్టి అడిగాను. ఈస్టర్ సోమవారం రాత్రి ఎక్కడున్నావురా అని. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"‘గుర్తులేదండి’ అన్నాడు. ఇంట్లో ఉన్నావా? ‘లేను.’ వాళ్లమ్మ కూడా లేడనే చెప్పింది, తెల్లారుజామున వచ్చాడట. మరి ఎక్కడున్నావు? ‘గుర్తులేదు మాస్టారూ.’ ఒరేయ్, నీ పేరు కమిటీకి పోతుంది, నిన్ను తీసేస్తారు, ఫైనల్ ఆడలేవు, ఇప్పుడైనా చెప్పు అన్నాను. గడ్డి ఎగదోస్తూనే ఉన్నాడు. ‘మీ ఇష్టమండి’ అన్నాడు. తప్పు చెయ్యనివాడు అలా మాట్లాడతాడా?"

మాలకీ పొయ్యి వైపు చూశాడు. పొయ్యి కనపడలేదు.

ఆ రాత్రి జార్లత్ ఎక్కడున్నాడో ఈ ఆలుమగలిద్దరికీ తెలుసు. ఈ గోడ అవతల, వంటింట్లో ఉన్నాడు. లారీ తీస్తూ మాలకీ అతని కిటికీ తట్టి, పిల్లల దగ్గర కూచోమన్నాడు. ఎందుకని కూడా అడక్కుండా బూట్లు తొడుక్కుని వచ్చాడు. తిరిగొచ్చేసరికి చిన్నదానికి పళ్లొస్తున్న జ్వరం. జార్లత్ దాన్ని భుజాన వేసుకుని, గేదె గొంతుతో ఏదో పాడుతూ, పొయ్యి చుట్టూ తిరుగుతున్నాడు. ‘పడుకుంది, లేపకండి’ అన్నది ఒక్కటే ఆ రాత్రి అతను మాట్లాడిన మాట.

ఆ ఒక్క సంగతి చెప్పుకుంటే బయటపడిపోతాడు. చెప్పుకుంటే, పిల్లల తండ్రి ఎక్కడికి వెళ్లాడని తర్వాతి ప్రశ్న వస్తుంది. అందుకని గుర్తులేదన్నాడు. మాలకీ ఎగిరినప్పుడు వచ్చి నిలబడే చోటే, పిలవకుండా, మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"ఏప్రిల్‌లో చూసింది ఇప్పుడెందుకు చెప్తున్నారు?" అట్రాక్టా అడిగింది. గొంతులో తియ్యదనం పోయింది.

మాస్టారు ఆమె వైపు జాలిగా చూశాడు. "ఏప్రిల్‌లో మనం మొదటి ఆటే ఓడిపోతామనుకున్నాం కదమ్మా. ఓడిపోయే జట్టుని శుద్ధి చేసి ఏం లాభం? ఇప్పుడు ఫైనల్‌కొచ్చాం. ఆదివారం గెలిచామే అనుకో. అవతలివాళ్లు ఊరుకుంటారా? ఫలానావాడు ఫలానా డాన్సుకి వెళ్లాడని అభ్యంతరం పెడతారు. కప్పు తీసుకుని వాళ్లకిచ్చేస్తారు. అందుకే గురువారం కమిటీలో మన చేత్తో మనమే తీసేస్తే ఎవరికీ మాట ఉండదు."

"తీసేస్తే అతని సంగతి?"

"సస్పెండ్ అయినవాడి సంగతి ఎలా ఉంటుంది? వచ్చే వసంతం దాకా బంతి ముట్టుకోకూడదు. ఊళ్లోవాళ్లు కొన్నాళ్లు మాట్లాడరు. వాళ్లమ్మ చర్చిలో వెనక బెంచీకి మారుతుంది. తర్వాత మర్చిపోతారు."

మా ఊళ్లో ఎవరూ ఏదీ మర్చిపోరు. మాలకీ తాతగారి మేక ఫాదర్ గారి టోపీ తిన్న సంగతి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

"నా దగ్గరికి ఎందుకొచ్చారు మాస్టారూ?" అన్నాడు మాలకీ.

"కమిటీలో కొందరు మెత్తబడుతున్నారు. జార్లత్ అలాంటివాడు కాదంటున్నారు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలి. డిఫెన్సులో పెద్దవాడివి, నీ పక్కన ఆడినవాడు. నువ్వు లేచి ‘రూలు రూలే’ అంటే ఎవడూ నోరెత్తడు. మీ నాన్న కొడుకువి. నీ మాటకి విలువుంది."

మాలకీ లేచాడు. ఏం చెప్దామని లేచాడో అతనికే స్పష్టంగా తెలియదు. చెప్పే అవకాశం కూడా రాలేదు.

పొగగొట్టంలో ఏదో జారింది. ముందు మసి. తర్వాత పుల్లలు. తర్వాత మూడు నెలల కాపురమంతా, మేజోడుతో సహా, దబ్బున వచ్చి నిప్పులో పడింది. పీటు పొగంతా ఒక్కసారిగా గదిలోకి తన్నుకొచ్చింది. తిరుహృదయం ముందు ఎర్రదీపం కనపడ్డం మానేసింది.

"కిటికీ! కిటికీ తియ్యి!" మాస్టారు అరిచాడు.

"అది తెరుచుకోదండి," అంది అట్రాక్టా దగ్గుతూ. "మొన్న రంగు వేయించాం, అతుక్కుపోయింది."

"నా కోటు! నా కోటివ్వండి, బయటికి పోతాను!"

మాలకీ వసారాలోకి దూకాడు. వసారాలో కోటు తగిలించే మేకు ఒక్కటే ఉంది. మూడేళ్లుగా రెండోది కొడతానంటున్నాడు. మాస్టారి కోటు అట్రాక్టా కోటు మీద తగిలించి ఉంది. పొగలో పట్టుకుని లాగాడు. రెండూ కలిసి వచ్చాయి. మాస్టారిది చేతిలోంచి జారి నేల మీద పడింది. మిగిలింది చేతిమీద వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

మాస్టారు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. ఆరేళ్ల వయసు నుంచి మాలకీ కాళ్లకి ఒకటే తెలుసు. మాస్టారు నిలబడితే మడమలు కలపాలి, గడ్డం ఎత్తాలి.

పొగ కళ్లలో పడి మాస్టారికి నీళ్లు కారుతున్నాయి. అద్దాలు తీసి రుమాలుతో తుడుచుకుంటున్నాడు. తుడుస్తూ తలెత్తి గుమ్మం వైపు చూశాడు.

తుడవడం ఆపేశాడు.

"కదలకు మాలకీ."

మాలకీ కదల్లేదు. చేతిమీద నక్క కాలరు ఎర్రగా వేలాడుతోంది. వెనక వసారా దీపం. ముందు పొగ. అట్రాక్టా నోటికి కొంగులా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ముగ్గురిలో అందరికన్నా ముందు సంగతి గ్రహించి, గోడకి జారబడిపోయింది.

చాలాసేపటికి మాస్టారు కూచున్నాడు. ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కూచున్నాడు.

"ఓరి దేవుడా," అన్నాడు నెమ్మదిగా. "నేను నేర్పిన నిలబడ్డమే కదూ అది."

"మాస్టారూ, నేను చెప్దామనే..."

"మాట్లాడకు. నువ్వు మాట్లాడితే నేను విన్నట్టవుతుంది." ఆయన రుమాలు మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు. "కుడిమూలకి ఇంకొకణ్ని వెతకొచ్చు. ఆ పోస్టాఫీసు కుర్రాడున్నాడు, మరీ అంత పనికిమాలినవాడు కాదు. ఫుల్‌బ్యాక్‌కి నువ్వు తప్ప ఎవడున్నాడురా ఈ కౌంటీలో? నువ్వు లేకపోతే ఆదివారం మనల్ని పాతేస్తారు. మా నాన్న ఆ కప్పు చూడకుండా పోయాడు. నేనూ చూస్తానో లేదో."

అట్రాక్టా ఏదో అనబోయింది. మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. అద్దాలు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, వాటి వైపు కాకుండా పొగలో నిలబడ్డ ఆకారం వైపే చూస్తున్నాడు.

"ఇప్పుడు నాకేదీ సరిగా కనపడ్డం లేదు మాలకీ. పొగ. అద్దాలు పెట్టుకుంటే కనపడుతుంది. కనపడితే కమిటీకి చెప్పకుండా ఉండలేను, అది నా వల్ల కాదు. పెట్టుకోకపోతే, ఈస్టర్‌కి చూసిందే చూసినట్టు, జార్లత్ పేరే పోతుంది." గొంతు తగ్గించాడు. "నువ్వే చెప్పు. ఇవి పెట్టుకోనా? వద్దా?"

మాలకీ పెదాలు తడుపుకున్నాడు.

అప్పుడు చప్పుడైంది. వీధి తలుపు కాదు. వెనక తలుపు, తట్టకుండా, స్నేహితులు తోసే తోపు. వంటింట్లో బరువైన బూట్లు నాలుగడుగులు వేసి ఆగాయి.

"మాలకీ! ఇల్లేమైనా తగలబడుతోందా?" జార్లత్ గొంతు. "మోకాలికి క్యాబేజీ తెచ్చా. మా అమ్మ పెద్దది కోసిచ్చింది. ఎక్కడ పెట్టను?"

మాస్టారు అద్దాలు ఇంకా పెట్టుకోలేదు.

ఇక్కడ ఆపడం నాకు సరదా కాదు. ఇక్కడిదాకా లాక్కొచ్చాను గానీ, ఇక్కణ్నించి ఎటో నాకూ తెలియట్లేదు. మాలకీ చేత ‘పెట్టుకోండి’ అనిపించి ఒకసారి రాశాను. ఆదివారం గోలు ముందు మాలకీ చోట పోస్టాఫీసు కుర్రాణ్ని చూసి, కాగితం చించేశాను. ‘వద్దు’ అనిపించి ఇంకోసారి రాశాను. బంతి కోసం ఎగిరాడు, మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు, అక్కడెవరూ లేరు. అదీ చించేశాను. మా ఆవిణ్ని అడిగితే అసలు ఆ కోటు ఎంతకి కొన్నారో కనుక్కోమంది. మీలో పెద్దలున్నారు, ఇలాంటి గుమ్మంలో ఎప్పుడో ఒకసారి నిలబడినవాళ్లుంటారు. మీరైతే ఏమంటారో దయచేసి ఒక ముక్క రాసి పడెయ్యండి. పొగగొట్టం బాగుచేసే ఉపాయాలు తర్వాత పంపుదురుగాని. అతను ఇంకా నిలబడే ఉన్నాడు, ఆ కోటు చూసినంత తేలిక కాదు.